సహాయం: ఒక మనిషి

బాపట్ల కాలేజీ లైబ్రరీలో అడుగుపెట్టగానే చంద్రశేఖరం మాస్టారు చేసిన మొదటి పని, పంచె మోకాళ్ళ పైకి లాక్కుని నేలమీద కూర్చుని ఇనుప బీరువా కింద చెయ్యి దూర్చడం. నేల తడిమి, వేళ్ళు పైకి తీసి వాసన చూశారు. చెమ్మ లేదు. లేచి, బీరువాకీ గోడకీ మధ్య ఎడం జాన పెట్టి కొలిచారు. తర్వాత కిటికీ రెక్కలు మూసి, తెరిచి, మళ్ళీ మూసి, గడియ సరిగ్గా పడుతోందని నమ్మకం కుదిరాక అప్పుడు లైబ్రేరియన్ పాండురంగారావుకి నమస్కారం పెట్టారు.

వెనక నిలబడ్డ భార్య సూర్యకుమారికి నవ్వు ఆగలేదు. పిల్లనిచ్చే ఇల్లు చూడబోయినవాళ్ళు కూడా ఇంతలా దులపరని అంది. మాస్టారు నొచ్చుకోలేదు సరికదా, అది అంతకన్నా పెద్ద విషయమేనన్నారు. పిల్లయితే ఇల్లు నచ్చకపోతే నోరు తెరిచి చెబుతుంది, కాగితాలు చెప్పలేవు కదా అని ఆయన వాదన.

ఆ కాగితాలు మూడు వందల నలభై రెండు. తెనాలి హైస్కూల్లో చరిత్ర చెబుతూ ఇరవై ఏళ్ళపాటు సెలవు దొరికినప్పుడల్లా డెల్టా ఊళ్ళ మీద పడి, పాత రాతి శాసనాలకు తీసిన నకళ్ళు. రాతిని కడిగి, తడి కాగితం దాని మీద పరిచి, అది అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కుచ్చు బ్రష్షుతో కొట్టి, పైన మసి అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి. ఆ రాళ్ళలో కొన్ని ఇప్పుడు కాలవ గట్ల కింద పడి పోయాయి, కొన్ని పశువుల కొట్టాలకు మెట్లయ్యాయి. ఈ కాగితాలే మిగిలాయి. పోయినేడు మే నెల తుఫానుకి ఇంటి పెంకులు లేచిపోయి ఇవి కాక ఇంకో పదకొండు నకళ్ళు తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయిన రోజునే, వీటికి మంచి ఇల్లు చూడాలని మాస్టారు నిశ్చయించుకున్నారు.

ఇప్పటికి రెండు చోట్లు చూసి వద్దనుకున్నారు. ఒకచోట ఎవరో పెద్దాయన జీవితమంతా రాసిన నోటుపుస్తకాలు బాడ్మింటన్ వలల కింద పడున్నాయి. రెండోచోట అధికారి, మీవి బీరువాలో పెట్టి తాళం వేస్తాం, ఈగ కూడా వాలదు అని భరోసా ఇచ్చాడు. ఎవరూ ముట్టుకోని దానికి బీరువా ఎందుకు, మా ఇంటి అటక చాలదా అని మాస్టారు కాఫీ తాగకుండానే లేచి వచ్చేశారు.

ఆయనకి మూడే షరతులు. విడదీయకూడదు, తడవకూడదు, అడిగినవాళ్ళకి చూపించాలి. మూడోదాన్ని పరీక్షించడానికి ఆ ఉదయమే సూర్యకుమారిని ముందు పంపించి, ఊరూ పేరూ చెప్పకుండా ఒక పాత గెజిటు అడగమన్నారు. అక్కడి అటెండరమ్మ చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, పది నిమిషాల్లో తెచ్చి ఆవిడ ముందు పెట్టిందట. మీరెవరని అడగలేదట. మాస్టారికి అక్కడే సగం సంబంధం కుదిరిపోయింది.

పాండురంగారావు నలభై ఏళ్ళ మనిషి. మెల్లగా మాట్లాడతాడు, కానీ మాట వదిలిపెట్టడు. తూర్పు మూల గది ఇస్తానన్నాడు. గుమ్మం మీద మాస్టారి పేరుతో బోర్డు రాయిస్తానన్నాడు. అదంతా ఎందుకండీ అని మాస్టారు రెండుసార్లు అని, మూడోసారి అనలేదు. తనకీ ఒక షరతు ఉందన్నాడు పాండురంగారావు. శనివారం వచ్చి ప్రతి కాగితమూ తన కళ్ళతో చూసుకోవాలి. అచ్చువేసిన ఫారాలు ఒక కట్ట తీసి చేతిలో పెట్టాడు. ఊరు, రాయి ఉన్న చోటు, తేదీ, నకలు తీసినవారి పూర్తి పేరు. నకలుకి ఒక ఫారం చొప్పున నింపి ఉంచమన్నాడు.

తెనాలి వచ్చే పాసింజరులోనే మాస్టారు ఒళ్ళో అట్ట పెట్టుకుని నింపడం మొదలుపెట్టారు. అప్పికట్ల దాటేసరికి ఆరు ఫారాలయ్యాయి. ఆరింటిలోనూ చివరి గడిలో తన పేరే గుండ్రంగా రాసుకున్నారు.

శనివారం పాండురంగారావు పొద్దున్న తొమ్మిదింటికే వచ్చాడు. సూర్యకుమారి పెట్టిన ఉప్మా తిని, చెయ్యి కడుక్కుని, హాల్లో చాప మీద కూర్చున్నాడు. మాస్టారు ఒక్కొక్క చుట్టా విప్పడం, అతను నాలుగు మూలలా గుళకరాళ్ళు పెట్టి వంగి చూడడం. ప్రతి నకలుకీ మాస్టారు రాసిపెట్టుకున్న కార్డులు అడగలేదు. ఏ ఊరిదని అడగలేదు. కాగితం మాత్రమే చూశాడు. చూసి, కొన్ని కుడిపక్కకీ కొన్ని ఎడమపక్కకీ పెడుతూ పోయాడు.

మధ్యాహ్నానికి కుడిపక్క గుట్ట బాగా లేచింది. ఎడమపక్కది చిన్నదే కానీ అదీ గుట్టే. భోజనాలయ్యాక విషయం చెప్పాడు. కుడివైపువి రెండు వందల నలభై ఆరు. ఇంత శుభ్రమైన నకళ్ళు తన సర్వీసులో చూడలేదు. అక్షరం అంచు కత్తిరించినట్టుంది, ఎక్కడా మసి గుంటలోకి దిగలేదు. ఎడమవైపు తొంభై ఆరూ అంతంతమాత్రం. అక్షరాలు మసకబారాయి, కొన్నిచోట్ల కాగితం చిరిగింది, చాలా వరకు చదవడానికి పనికిరావు. గదిలో చోటు తక్కువ కాబట్టి కుడివైపువి మాత్రం తీసుకుంటానన్నాడు.

మాస్టారు మొదటి షరతు గుర్తుచేశారు. పాండురంగారావు చాలాసేపు నచ్చచెప్పాడు. ఆయన ససేమిరా అన్నారు. చివరికి అతను చెప్పులు వేసుకుంటూ, ఒకే మనిషి చేతి పనిలో ఇంత తేడా ఎలా వచ్చిందో తనకి అర్థం కావడంలేదని మాత్రం అన్నాడు. నింద వేసినట్టు అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అన్నాడు.

అతన్ని రిక్షా ఎక్కించి వచ్చి మాస్టారు కార్డులు ముందేసుకుని, రెండు గుట్టల ప్రకారం వాటినీ రెండు డబ్బాల్లోకి విడదీశారు. తొంభై ఆరింటినీ వెనకేసుకురావడానికి కారణాలు దొరక్కపోతాయా అని ఆయన ధీమా. మొదటిది తీశారు. రాయి ఉన్న చోటు: గుడి లోపల, ముఖమండపం. రెండోది, గుడి లోపల. మూడోది, గుడి లోపల, స్తంభం. పది కార్డులు చూసేసరికి ఆయన మొహం వికసించింది. కారణం దొరికింది. లోపల చీకటి, గాలాడదు, కాగితం సరిగ్గా ఆరదు. పాండురంగారావుకి ఉత్తరం రాయడానికి ఇన్‌లాండ్ కవరు కూడా తెమ్మన్నారు.

సూర్యకుమారి కవరు తెచ్చి పక్కనే కూర్చుని మిగతా కార్డులు తిరగెయ్యసాగింది. కాసేపటికి ఒకటి తీసి చూపించింది. ఎడమవైపు గుట్టలోదే, కానీ రాయి ఉన్నది నిడుబ్రోలు దగ్గర కాలవ గట్టున, పట్టపగలు, ఎండలో. ఇదెందుకు పాడైంది అని అడిగింది. మాస్టారు కార్డు చూసి ఆలోచించారు. ఆ రోజు తన వెంట బకెట్టు మోసే బర్నబాసుకి జ్వరం. తనే తీశారు.

ఇప్పుడు ఆయనే కుడివైపు డబ్బా లాక్కుని ఒక కార్డు కోసం వెతికారు. ఒక గుడిలో నంది మండపం మరమ్మతు చేస్తున్నప్పుడు లోపలి రాయిని బయటికి మోసుకొచ్చి పందిట్లో పడేశారు. గుడి లోపలి రాయే. నకలు మాత్రం బయట తీశారు. అది కుడివైపు గుట్టలో ఉంది, పైనుంచి నాలుగోది.

మాస్టారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ జ్వరం రోజుది తప్ప, బయటి రాళ్ళన్నీ బర్నబాసు తీసినవి. గుడి గుమ్మం దాకా బకెట్టూ కాగితాలూ మోసుకొచ్చేవాడు. అక్కడ మాస్టారు, నువ్వు బయటుండు బర్నబాసూ అనేవారు. బకెట్టు తను అందుకుని లోపలికి వెళ్ళి, చేతనైనట్టు కొట్టి, మసి పూసుకుని తెచ్చేవారు. ఇరవై ఏళ్ళు అలాగే జరిగింది. పాండురంగారావు ఏ కార్డూ చూడకుండా ఇరవై ఏళ్ళ పనినీ సరిగ్గా గుడి గోడ వెంబడి రెండుగా చీల్చాడు.

కుడివైపు ఒక్కటి తప్ప ప్రతి కార్డులోనూ అన్నిటికన్నా కింద ఒక వరుస ఉంది. సహాయం: ఒక మనిషి. రెండు వందల నలభై అయిదు కార్డుల మీద అదే మాట, అదే గుండ్రటి రాత. నంది మండపం కార్డు మీద అది కూడా లేదు. గుడి లోపలి రాయి కదా, అలవాటుకొద్దీ తన ఖాతాలోనే వేసుకున్నారు.

రాతిని చదవడమే పని, కాగితం కొట్టడం ఎవరైనా చేస్తారని మాస్టారు అన్నాళ్ళూ నిజంగానే నమ్మారు. వ్యాసాల్లో నేను తీసిన నకలు అని రాసుకున్నప్పుడు అబద్ధం రాస్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇప్పుడు సిగ్గేసింది. అరవై ఆరేళ్ళ వయసులో కొత్తగా సిగ్గుపడడం ఎంత కష్టమో ఆయనకి ఆ పూట తెలిసింది.

నింపిన ఫారాలన్నీ చింపేసి కొత్తది తీసుకున్నారు. నకలు తీసినవారి పూర్తి పేరు అన్న గడి దగ్గర కలం ఆగింది. సూర్యకుమారి అటే చూస్తోంది.

"ఆయన ఇంటిపేరేంటండీ?" అంది.

మాస్టారికి తెలియదు. ఆవిడ వదల్లేదు. "ఎనిమిది వందల ఏళ్ళ కిందట గుడిలో దీపానికి యాభై గొర్రెలిచ్చినవాడి తాత పేరు మీకు నోటికొచ్చు. ఇరవై ఏళ్ళు మీ వెనకాల బకెట్టు మోసినాయన ఇంటిపేరు తెలీదు."

మర్నాడు మాస్టారు ఇన్‌లాండ్ కవరు మీద పాండురంగారావుకి రాశారు. విడదీయడం కుదరదు. ఉగాది దాకా ఆగండి. బోర్డు రాయించకండి. కారణం ఏమీ రాయలేదు. సోమవారం పొద్దున్న తొంభై ఆరులోంచి పది నకళ్ళు చుట్టి చంకన పెట్టుకుని రేపల్లె రైలెక్కారు.

బర్నబాసు ఇల్లు రేపల్లె స్టేషన్ నుంచి నడిచిపోయే దూరమే. పన్నెండేళ్ళుగా మాస్టారు అటు వెళ్ళలేదు. వెళ్ళేసరికి అతను వాకిట్లో తొట్టి ముందు కూర్చుని సున్నం నానబెడుతున్నాడు. గోడలకి సున్నం వెయ్యడం అతని వృత్తి. ఏ గోడ ఎంత నీరు తాగుతుందో అరచెయ్యి ఆనించి చెప్పగలడు. జుట్టు తెల్లబడింది, భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి. మాస్టార్ని చూసి లేచి, చేతులు కడుక్కుని, కుర్చీ తెచ్చి వేశాడు.

మాస్టారు రైల్లో అనుకున్న ప్రకారం, "మీరు కూడా కూర్చోండి" అన్నారు.

బర్నబాసు నవ్వాడు. "ఇన్నేళ్ళ తర్వాత మీరేంటండి మాస్టారూ. పాత పిలుపే బాగుంది" అన్నాడు, తన కోసం ఇంకో కుర్చీ తెచ్చుకుంటూ.

మాస్టారు చుట్టలు విప్పారు. బర్నబాసు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి పట్టి చూశాడు. ఇది అంచుల నుంచి కొట్టారన్నాడు. మధ్య నుంచి అంచులకి పోవాలి, లేకపోతే గాలి లోపల ఇరుక్కుని కాగితం బుడగలేస్తుంది. ఇది తడి ఆరకముందే మసి వేశారు. ఇది మరీ ఆరాక వేశారు. ఇదిగో ఇక్కడ మీకు విసుగొచ్చింది అని ఒకచోట వేలు పెట్టాడు. ముప్పై ఏళ్ళ నాటి విసుగు కాగితం మీద స్పష్టంగా కనబడుతోంది. బడిలో పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు తను కూడా ఇలాగే వేలు పెట్టేవాడినని మాస్టారికి గుర్తొచ్చింది.

పాండురంగారావు చేసిన పంపకం సంగతి మొత్తం చెప్పారు. కార్డుల సంగతి, కింది వరుస సంగతి కూడా దాచకుండా చెప్పారు. చెప్పి, "తప్పు చేశాను బర్నబాసూ" అన్నారు.

"చేశారండి" అన్నాడు బర్నబాసు.

పర్లేదు అనలేదు. అంటాడేమోనని మాస్టారు ఎదురుచూశారు కూడా. లోపల్నుంచి అతని భార్య మజ్జిగ తెచ్చిచ్చింది. తాగారు. గ్లాసు కింద పెట్టాక మాస్టారు ఫారాల కట్ట తీసి, పూర్తి పేరు చెప్పమన్నారు. బర్నబాసు నిటారుగా కూర్చుని, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు. మల్లవరపు బర్నబాస్. మాస్టారు రాసి, సరిగ్గా ఉందా అని చూపించారు. అతను చదివి, ఉందన్నాడు.

తర్వాత చెడిపోయిన నకళ్ళ వైపు చూస్తూ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఈ రాళ్ళు అక్కడే ఉన్నాయి కదండీ?"

ఉన్నాయన్నారు మాస్టారు.

"మరింకేం. మళ్ళీ తీద్దాం."

అంత తేలికా అనిపించింది మాస్టారికి. అంతలోనే అసలు చిక్కు గుర్తొచ్చింది. ఒక్కటి తప్ప ఇవన్నీ గుడి లోపలివి. ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. అడ్డు చెప్పినవాళ్ళతో తను మాట్లాడతానని మాత్రం గట్టిగా అన్నారు. బర్నబాసు ఏదో అనబోయి, సరేనండి అన్నాడు.

గురువారం ఇద్దరూ వేమూరు స్టేషన్లో కలుసుకున్నారు. పాండురంగారావు జవాబు అంతకు ముందు రోజే వచ్చింది. గది ఉగాది దాకా ఖాళీగానే ఉంటుంది, బోర్డు మీద ఏం రాయాలో మీరే చెప్పండి అని రాశాడు. మాస్టారు దాన్ని జేబులోనే పెట్టుకున్నారు. స్టేషన్ నుంచి రెండు మైళ్ళు రిక్షాలో. తోవ పొడుగునా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆ ఊరి శివాలయం పూజారి వెంకటరాఘవయ్య అభ్యంతరం పెడితే ఏం చెప్పాలో మొత్తం సిద్ధం చేసుకున్నారు. చట్టం దగ్గర మొదలుపెట్టి, అదే గుడిలో ఉన్న శాసనం మీదుగా వచ్చి, మెత్తగా ముగించాలి. అవసరమైతే గొంతు పెంచాలి. నలభై ఏళ్ళు క్లాసులో మాట్లాడిన గొంతు, ఒక్క పూజారికి తడబడుతుందా!

గుడి ముందు రిక్షా ఆగింది. వెంకటరాఘవయ్య ప్రాకారం లోపల పూలు కోస్తున్నాడు. మాస్టారు గొంతు సవరించుకుని రెండడుగులు ముందుకు వేశారు. పూజారి చూపు ఆయన మీంచి వెనక్కి పోయింది.

"ఏం బర్నబాసూ, సున్నానికి ఇంకా నెల ఉంది కదా? ముందే వచ్చావేం?"

మాస్టారి ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది.

బర్నబాసు ఈసారి పని వేరని, శాసనం నకలు తియ్యాలని చెప్పాడు. పూజారి, ఆ ముఖమండపంలో రాయేనా, కిందటేడు నువ్వు అక్షరాలు పూడిపోకుండా సున్నం పల్చగా వేశావు చూడు అదేనా అని అడిగి, చెప్పులు మాత్రం బయట వదలమని ఇద్దరికీ కలిపి చెప్పి, పూలబుట్టతో వెళ్ళిపోయాడు.

మాస్టారు మెట్టు మీద నిలబడిపోయారు. ఎప్పటినుంచి లోపల సున్నం వేస్తున్నావని అడిగారు. ఈ పూజారి తండ్రి ఉన్నప్పటి నుంచి అన్నాడు బర్నబాసు. అంటే మీరు నాకు పని ఇవ్వడానికి ముందు నుంచి, అని కూడా చేర్చాడు.

"సున్నం బకెట్టు చేతిలో ఉంటే చాలా గుళ్ళలో అడ్డు చెప్పరండి. కొన్నిచోట్ల బకెట్టు ఉన్నా రానివ్వరు, అది వేరే సంగతి. ఈ తొంభై ఆరులో మాత్రం అరవై దాకా నేను సున్నం వేసిన గోడలే."

"మరి ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

"మీరు వాళ్ళనీ అడగలేదు, నన్నూ అడగలేదు. బయటుండమన్నారు, ఉన్నాను" అన్నాడు బర్నబాసు. గొంతులో కోపం లేదు. "కోపం రాలేదా అంటే వచ్చిందండి. మీరు లోపల టపటపా కొడుతుంటే ఆ చప్పుడికే తెలిసిపోయేది, తప్పు కొడుతున్నారని. మా బ్రష్షు అలా చప్పుడు చెయ్యదు. బయట కూర్చుని వినడం కష్టంగా ఉండేది."

ఊరివాళ్ళ మీద, పూజారుల మీద వేసి ఇన్నేళ్ళూ నిశ్చింతగా ఉన్న తప్పు, వాళ్ళది కాదు. కనీసం ఇక్కడ కాదు. ఈ గుమ్మం దగ్గర బర్నబాసుని ఆపినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ తనే.  చెయ్యాల్సిన పని కళ్ళ ముందే ఉంది కాబట్టి, మాస్టారు వంగి బకెట్టు అందుకున్నారు.

గుడి బయట చేతిపంపు ఉంది. నాలుగు బకెట్లు మోశారు. బర్నబాసు కొబ్బరిపీచుతో రాయి కడిగాడు, పుల్లతో గుంటల్లో పాత సున్నం తీశాడు, కడిగిన నీళ్ళు తెల్లగా పోవడం మానేదాకా మళ్ళీ కడిగాడు. చీకటికి కూడా ఉపాయం ఉంది. డబ్బా మూత ఒకటి గుమ్మంలో ఏటవాలుగా నిలబెట్టి, ఎండ రాయి మీద పడేలా సర్దాడు. అదెన్నేళ్ళ ఉపాయమో అడగడానికి మాస్టారికి ధైర్యం చాల్లేదు.

తడి కాగితం పరుస్తూ పై మూల పట్టుకోమన్నాడు. మాస్టారు పట్టుకున్నారు. కాస్త వదులుగా పట్టుకోమన్నాడు. వదులు చేశారు. బ్రష్షు మధ్యలో మొదలై అంచులకి పాకుతూ పోయింది. నిజమే, చప్పుడు దాదాపు లేదు. కాగితం కింద నుంచి అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. అరగంట ఆరనిచ్చి, మసి గుడ్డతో మెల్లగా అద్దుతూ పోయాడు. ఊడదీసి గుమ్మంలో వెలుతురుకి పట్టేసరికి మాస్టారు కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి వచ్చారు.

పాత నకలులో మసకగా ఉన్న అయిదో వరుస ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. చదివారు. మళ్ళీ చదివారు. దీపానికి ఇచ్చిన గొర్రెలు యాభై కాదు, యాభై అయిదు. మూడు వ్యాసాల్లో యాభై అని రాశారు, ఇరవై ఏళ్ళపాటు బడి పిల్లలకి యాభై అనే చెప్పారు. ఆయనకి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ అయిదు గొర్రెలు తప్పిపోయాయి బర్నబాసూ అన్నారు. దొరికాయి కదండీ అన్నాడతను, చేతుల మసి కడుక్కుంటూ.

మండపం మెట్ల మీద ఎండలో కూర్చున్నారు. మాస్టారు కొత్త ఫారం తీసి అట్ట మీద పెట్టుకున్నారు. ఊరు రాశారు. రాయి ఉన్న చోటు, గుడి లోపల. తేదీ వేశారు. నకలు తీసినవారి పూర్తి పేరు దగ్గర కలం ఆగలేదు. మల్లవరపు బర్నబాస్. ఇంక గళ్ళు లేవు. ఒక్క క్షణం ఆలోచించి, అలవాటైన చోట, అన్నిటికన్నా కింద, అలవాటైన మాటే రాశారు. సహాయం: ఒక మనిషి.

బర్నబాసు తల వంచి చదివాడు. ఆ వరుస మీద వేలు పెట్టాడు.

"పేరు రాయండి మాస్టారూ" అన్నాడు. "రేపు ఎవరన్నా చూస్తే, ఆ మనిషి ఎవరో తెలియొద్దూ?"

మాస్టారు ఒక మనిషి అన్న మాట కొట్టేసి, పక్కన తన పేరు రాశారు. ఇంటిపేరుతో సహా రాశారు. సిరా ఆరేదాకా ఫారాన్ని ఎండలో పట్టుకుని, తర్వాత రెండో రాయికి నీళ్ళు తేవడానికి లేచారు.